ఇండోర్ బాస్కెట్‌బాల్: ఫ్రేము ఎంత బిగించాలి? ఒక ప్రాజెక్టు డైరీ

పని ఇది: ఒక జూనియర్ కళాశాల అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు కోసం ఇరవై ఫొటోలు, ఒక్కొక్కటి 12×8 అంగుళాలు. ఇండోర్ హాలు ప్రవేశద్వారం పక్కనున్న గోడకు పెడతారు. అన్నీ మ్యాచ్ జరుగుతుండగా తీసినవే కావాలన్నది శిక్షకుడి షరతు. ఫ్లాష్ వాడకూడదన్నదీ ఆయన షరతే. రింగు మీద చూపు నిలిపి దూకే అమ్మాయి కళ్లలో మెరుపు పడితే ప్రమాదం.

ఇదే పని తలపెట్టినవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఏ కెమెరా కొనాలన్న చర్చ ఇందులో లేదు. క్రీడాకారిణి చుట్టూ ఎంత చోటు వదలాలి, ఒంటిని ఎక్కడ కోయాలి, ఎక్కడ కోయకూడదు, ఇంతే. వెలుతురు, షట్టర్, ఫోకస్ ప్రస్తావన వచ్చినా ఫ్రేముతో వాటికున్న లంకె కోసమే.

సామాను:

1. ఏపీఎస్-సి కెమెరా (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది). సెన్సర్ 23.5 × 15.6 మి.మీ., చిత్రం 6000 × 4000 పిక్సెళ్లు, సెకనుకు 6 ఫ్రేములు.
2. 50 మి.మీ., 85 మి.మీ. లెన్సులు. రెండూ ఎఫ్/1.8, అంటే తక్కువ వెలుతురులోనూ పనికొచ్చేంత వెడల్పుగా తెరుచుకునేవి. (35 మి.మీ. తర్వాత వచ్చి చేరింది.)
3. 5 మీటర్ల కొలత టేపు, మాస్కింగ్ టేపు, రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు, వెలుతురు కొలిచే లక్స్ మీటరు. మీటరు కళాశాల ఫిజిక్స్ ల్యాబు నుంచి అరువు.
4. ప్లాస్టిక్ స్టూలు. హాలుదే.

ఖర్చు ఇప్పటిదాకా: టేపులు 240, గ్రే కార్డు 250. మొత్తం 490 రూపాయలు.

దశ 1: హాలు కొలత, కూర్చునే చోటు

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొలతల కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు నేల నుంచి 3.05 మీ. ఎత్తులో ఉంటుంది. బోర్డు కింది అంచు 2.90 మీ., పై అంచు 3.95 మీ. ఎండ్‌లైన్ నుంచి లోపలికి లెక్కపెడితే రింగు కేంద్రం 1.575 మీ., ఫ్రీ త్రో గీత 5.80 మీ., మూడు పాయింట్ల గీత శిఖరం దాదాపు 8.3 మీ. ఈ అంకెలు నోటికి వస్తే మ్యాచ్ మధ్యలో టేపు అక్కర్లేదు, నేల మీది గీతలే దూరం చెబుతాయి. మా హాలులో గీతలను టేపుతో ఒకసారి సరిచూసుకున్నాను. పాత హాళ్లలో మూడు పాయింట్ల గీత ఇప్పటికీ 6.25 మీ. దగ్గరే ఉండవచ్చు. 2010లో దాన్ని 6.75 మీటర్లకు జరిపారు. కాబట్టి ఆ ఒక్కటైనా కొలవండి.

గీతలకు అవతల కనీసం 2 మీ. ఖాళీ ఉండాలన్నది కూడా నిబంధనే. అందుకే స్టూలు ఎండ్‌లైన్‌కు 2 మీ. వెనక, రింగు నుంచి 4 మీ. పక్కగా వేశాను. అంతకంటే ముందుకు జరగవద్దు. లేఅప్ (పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి వేసే షాట్) వేసిన అమ్మాయి ఆగడానికి ఆ రెండు మీటర్లూ కావాలి.

స్టూలు నుంచి దూరాలు:

1. రింగు కింద: 5.4 మీ.
2. ఫ్రీ త్రో గీత మధ్య: 8.8 మీ.
3. మూడు పాయింట్ల గీత శిఖరం: 11.1 మీ.

నేల మీద పడుకుని తీస్తే ఎత్తుగా దూకినట్టు కనిపిస్తుంది నిజమే. కానీ ఆ కోణంలో నిక్కరు, జెర్సీ అంచుల దగ్గర గోడకు పెట్టలేని ఫొటోలు వస్తాయి. పిల్లల తల్లిదండ్రుల దగ్గర సంతకం తీసుకుని చేస్తున్న పని ఇది. లెన్సు నేలకు మీటరు ఎత్తులో ఉండేలా స్టూలు మీదే కూర్చున్నాను.

వెలుతురు: రింగు కింద 270 లక్స్, కోర్టు మధ్యలో 350, మూలల్లో 180.

దశ 2: 85 మి.మీ.తో బిగుతుగా (పనికిరాలేదు)

పత్రికల్లో కనిపించే బిగుతైన ఆట ఫొటో ఎవరినైనా ఆకర్షిస్తుంది. ముఖం, చెమట, బంతి మీద వేళ్లు. ఉన్న లెన్సుల్లో పొడవైనదాన్ని తగిలించి మొదటి మ్యాచ్ అంతా దానితోనే తీయడానికి కారణం అదే.

ఫలితం: సుమారు 400 ఫ్రేముల్లో ఉంచదగినవి 20 కూడా లేవు. పోయినవాటిని మూడు గుట్టలుగా వేరుచేశాను.

1. బంతి పై అంచు దగ్గర తెగినవి, లేదా అసలు ఫ్రేములోనే లేనివి. అన్నిటికంటే పెద్ద గుట్ట.
2. మోచేయి, మణికట్టు, మోకాలు దగ్గర తెగినవి.
3. ఫోకస్ ముఖం మీద కాకుండా వెనక బోర్డు స్తంభం మీద పడినవి.

మొదటి గుట్ట ఎందుకంత పెద్దదో లెక్క వేస్తే తెలిసింది. ఫ్రీ త్రో గీత దగ్గర అమ్మాయి బంతి అందుకున్నప్పుడు 85 మి.మీ. నిలువు ఫ్రేములో 2.4 మీటర్ల ఎత్తు పడుతుంది. తల నుంచి పాదం దాకా హాయిగా సరిపోతుంది. ఆమె సెకనుకు 5 మీటర్ల వేగంతో రింగు వైపు దూసుకొస్తే 3.4 మీటర్లు దగ్గరవడానికి 0.7 సెకను చాలు. రింగు కిందికి వచ్చేసరికి అదే లెన్సులో పట్టేది 1.5 మీటర్లే. ఫ్రేము మూడో వంతుకు పైగా కుంచించుకుపోయింది. అదే క్షణంలో ఆమె చేతులు పైకి లేచి, ఆమెకు కావాల్సిన ఎత్తు పెరిగింది. ఆట ఎదుగుతుంటే ఫ్రేము కుదించుకుపోతోంది. చెయ్యి ఎంత స్థిరంగా ఉన్నా దీనికి మందు లేదు.

బంతి సంగతి ఇంకా తీవ్రం. షాట్‌లో చేతిని విడిచిన బంతి సెకనుకు సుమారు 7 మీటర్ల వేగంతో పోతుంది. నా కెమెరాలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య సెకనులో ఆరో వంతు. ఆ వ్యవధిలో బంతి 1.2 మీటర్లు ప్రయాణిస్తుంది. 1.5 మీటర్ల ఫ్రేములో మొదటి చిత్రంలో బంతి వేళ్ల మీద ఉంటే రెండో చిత్రంలో ఉండనే ఉండదు.

దశ 3: ఫ్రేమును మీటర్లలో కొలవడం

బిగుతు, వదులు అనే మాటలతో ఇక్కడి నుంచి ముందుకు పోలేం. "నడుము పైకి", "పూర్తి నిలువు" అన్నా చాలదు, అమ్మాయి చేతులు పైకెత్తగానే అవి మారిపోతాయి. అందుకని ఫ్రేమును మీటర్లలోకి మార్చాను. సూత్రం చిన్నది.

1. సెన్సర్ పొడవును (నాది 23.5 మి.మీ.) దూరంతో గుణించండి.
2. ఫోకల్ లెంత్‌తో భాగించండి.
3. వచ్చింది నిలువు ఫ్రేములో పట్టే ఎత్తు. దూరం మీటర్లలో ఉంటే జవాబూ మీటర్లలోనే.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవారు 23.5 బదులు 36 వేసుకోవాలి. నా స్టూలు దగ్గర నుంచి నిలువు ఫ్రేములో పట్టే ఎత్తులు:

• 85 మి.మీ.: రింగు కింద 1.5, ఫ్రీ త్రో 2.4, శిఖరం 3.1 మీ.
• 50 మి.మీ.: రింగు కింద 2.5, ఫ్రీ త్రో 4.1, శిఖరం 5.2 మీ.
• 35 మి.మీ.: రింగు కింద 3.6, ఫ్రీ త్రో 5.9, శిఖరం 7.5 మీ.

కాగితం మీది లెక్కను నమ్మేముందు గోడ మీద మాస్కింగ్ టేపుతో నేల నుంచి 1, 2, 3, 4 మీటర్ల గుర్తులు పెట్టి, 5.4 మీ. దూరం నుంచి ప్రతి లెన్సుతో ఒక ఫొటో తీశాను. అంకెలు దాదాపు సరిపోయాయి.

ఇక ఆటకు కావాల్సిన ఎత్తు. జట్టులో సగటు ఎత్తు 1.65 మీ. నిలబడి చేయి చాపితే వేలికొస 2.1 మీ. దాటుతుంది. 30 సెం.మీ. దూకితే 2.4. వేళ్ల మీద బంతితో కలిపి దాదాపు 2.6 మీ. అంటే నేలతో సహా జంప్ షాట్ పట్టాలంటే అంచులు కలుపుకొని కనీసం 3 మీ. కావాలి. రింగు కూడా కనపడాలంటే 3.4 మీ. పైనే. తొడ మధ్య నుంచి బంతి దాకా చాలనుకుంటే ఒంటికి 1.7 మీ. సరిపోతుంది. పైన ఖాళీకి, కెమెరా ఊపులో వచ్చే తేడాకు కలిపి 2.3 నుంచి 2.5 మీ. వేసుకోవాలి.

దీంతో నాకు రెండు అంకెలు మిగిలాయి: బిగుతుకు 2.5 మీ., వదులుకు 3.6 మీ. కదిలే ఆటలో 2.5 కంటే చిన్న ఫ్రేము కెమెరాలో తీయను. మొదటిదానికి రింగు కింద 50 మి.మీ. సరిపోతుంది. రెండోదానికి 35 మి.మీ. కావాలి. వాడిన లెన్సు 8,500 రూపాయలకు దొరికింది.

ఖర్చు మొత్తం: 8,990 రూపాయలు.

దశ 4: ఎక్కడ కోయాలి

రెండో మ్యాచ్ 50 మి.మీ.తో. ఉంచదగినవి వందకు పదిహేను దాకా పెరిగాయి. అయినా చాలా ఫొటోల్లో ఏదో వెలితి. 4×6 సైజులో ముద్రించి బల్ల మీద పరిచి, తెల్ల కాగితం ముక్కలతో అంచులు మూసి తెరుస్తూ చూశాను. కంప్యూటర్ తెర మీద కంటే ఈ పద్ధతిలో కంటికి త్వరగా తెలుస్తుంది.

తేలిన నియమాలు:

1. కీలు దగ్గర కోయవద్దు. చీలమండ, మోకాలు, మణికట్టు, మోచేయి. వీటి దగ్గర అంచు పడితే అవయవం తెగినట్టే ఉంటుంది. తొడ మధ్యలో, పిక్క మధ్యలో పడితే కంటికి ఇబ్బంది లేదు.
2. బంతిని సగం కోయడం కంటే పూర్తిగా వదిలేయడం నయం. సగం బంతి ఉన్న ఫొటో ఒక్కటీ నిలవలేదు.
3. పైన కనీసం ఒక బంతి ఖాళీ. అమ్మాయిల ఆటలో 6వ నంబరు బంతి వాడతారు, వ్యాసం దాదాపు 23 సెం.మీ. 2.5 మీ. ఫ్రేములో అది తొమ్మిది శాతం. వ్యూఫైండర్‌లో బంతి కనబడుతూనే ఉంటుంది కాబట్టి కొలబద్ద మన కళ్ల ముందే ఉన్నట్టు.
4. పాదాలు చేరిస్తే వాటి కింద నేల కూడా చేర్చాలి. బూట్లకు అంచు ఆనుకుంటే దూకిన ఎత్తు మాయమవుతుంది.

నాలుగోది శిక్షకుడు చెప్పింది. తొడ దగ్గర కోసిన ఒక మంచి జంప్ షాట్ చూపించాను. ముఖం స్పష్టంగా ఉంది, బంతి వేళ్ల మీద ఉంది. ఆయన కాసేపు చూసి, "బాగుంది బాబూ. కానీ ఇది దూకిందా, నిలబడి వేసిందా? ఆ జానెడు ఎత్తు కోసం ఈ పిల్ల ఏడాదంతా మెట్లెక్కి దిగింది. అది కనపడాలి కదా" అన్నారు.

అప్పటి నుంచి జంప్ షాట్‌కు పాదాలు, నేల తప్పనిసరి. కింద 20 నుంచి 30 సెం.మీ. నేల కనబడితే నీడ కూడా పడుతుంది. బూటుకూ నీడకూ మధ్య ఉన్న ఎడమే ఎంత ఎత్తు దూకిందో చెబుతుంది. లేఅప్‌కు ఈ నియమం అంత గట్టిది కాదు, ముందుకు సాగిన మోకాలే ఎగిరిన సంగతి చెప్పేస్తుంది.

దశ 5: అంచుకు అవతల మిగిలిపోయినవాళ్లు

ఈ దశకు సామానుతో, సెట్టింగులతో సంబంధం లేదు. ఫొటోల ఎంపిక మొత్తాన్నీ మార్చింది మాత్రం ఇదే.

ఒక ఫొటో జట్టంతా మెచ్చుకుంది. గార్డు ఆడే అమ్మాయి ఒక్కతే రింగు వైపు దూసుకొస్తోంది, చుట్టూ ఎవరూ లేరు, ముఖంలో ఏకాగ్రత. ఒకమ్మాయి మాత్రం ఫొటో పట్టుకుని, "అన్నా, ఇక్కడ స్క్రీన్ పెట్టింది నేనే. నేనెక్కడ?" అని అడిగింది. ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి, భుజం మీద దెబ్బ తిని, స్నేహితురాలికి దారి చేసిచ్చింది ఆమె. ఫ్రేము అంచుకు అరమీటరు అవతల ఉంది.

బాస్కెట్‌బాల్‌లో ఖాళీ దానంతట అది పుట్టదు, ఎవరో ఒకరు చేసిస్తారు. ఒక్క క్రీడాకారిణి, ఒక బంతి, మసకబారిన నేపథ్యం ఉన్న ఫొటో ఎంత అందంగా ఉన్నా అందులో ఆట సగమే ఉంటుంది. ఎదురు జట్టు చేయి లేని షాట్‌ను చూసి అది మ్యాచ్‌లోదో, సాయంత్రం సాధనలోదో చెప్పలేం. కాబట్టి ఫ్రేము ఎంత బిగించాలన్న ప్రశ్నను ఇలా మార్చుకున్నాను: ఈ కదలికను సాధ్యం చేసినవాళ్లు, అడ్డుకోబోయినవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు?

మ్యాచ్ ఫొటోల్లో కొలిచి చూస్తే:

1. షాట్ వేసే అమ్మాయికీ అడ్డుకునే అమ్మాయికీ మధ్య దూరం సాధారణంగా మీటరు లోపే. నిలువు ఫ్రేమే చాలు. 3.6 మీ. ఎత్తు ఫ్రేముకు వెడల్పు 2.4 మీ. ఉంటుంది, ఇద్దరూ పడతారు.
2. స్క్రీన్ వాడుకుని దూసుకొచ్చేటప్పుడు ముగ్గురు ఉంటారు, 3 నుంచి 4 మీటర్ల వెడల్పు కావాలి. అడ్డ ఫ్రేము తప్పదు.
3. రీబౌండ్‌కు (రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతి కోసం దూకడం) పైన చేతులు, కింద పాదాలు, పక్కల మోచేతులు. 35 మి.మీ. నిలువు ఫ్రేములో రింగుతో సహా పడుతుంది.

డ్రిబుల్‌తో కదిలేటప్పుడు ఆమె ఏ వైపు పోతోందో ఆ వైపు ఖాళీ వదలడం అందరూ చెప్పేదే. నేను ఒక్కటి కలుపుతాను. వెనక వైపు కూడా స్క్రీన్ పెట్టిన అమ్మాయి భుజం పడేంత చోటు ఉంచండి.

దశ 6: వదులుగా తీసి, తర్వాత కోయడం

మూడో మ్యాచ్ రింగు కింద ఆటకు 35 మి.మీ., ఫ్రీ త్రో గీత దగ్గరి ఆటకు 50 మి.మీ. ఉంచదగినవి వందకు ముప్పై దాటాయి. వదులుగా తీసి కంప్యూటర్‌లో కోయడాన్ని చిన్నచూపు చూసేవారున్నారు. దానికి అయ్యే ఖరీదు ఎంతో అంకెల్లో చూద్దాం.

3.6 మీటర్లు 6000 పిక్సెళ్లలో పడితే ఒక్కో పిక్సెల్‌కు 0.6 మి.మీ. 12×8 అంగుళాల ముద్రణకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 × 2400 పిక్సెళ్లు కావాలి. అంటే 3.6 మీ. ఫ్రేము నుంచి 2.16 మీ. ఎత్తు ముక్క కోసినా ముద్రణకు ఏ లోటూ రాదు. అంగుళానికి 200 చుక్కలతో సరిపెట్టుకుంటే 1.44 మీ. దాకా వెళ్లవచ్చు. గోడ మీద అడుగున్నర దూరం నుంచి చూసే ఫొటోకు అది కూడా చెడ్డగా ఉండదు.

అసలు నష్టం గింజలో, అంటే ఫొటోలో కనిపించే చుక్కల గరుకులో ఉంది. 3.6 నుంచి 2.5కి కోస్తే సెన్సర్ విస్తీర్ణంలో సగం కంటే కాస్త తక్కువే వాడుతున్నాం. అదే సైజులో ముద్రిస్తే గింజ ఒక స్టాప్, అంటే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) రెట్టింపు చేసినంత, పెరిగినట్టు ఉంటుంది. ఐఎస్‌ఓ 3200లో తీసినది 6400లో తీసినట్టు కనిపిస్తుంది. పక్కపక్కన ముద్రించి చూశాను. జెర్సీ ముదురు నీలంలో తేడా తెలుస్తోంది, ముఖంలో తెలియడం లేదు.

లాభం ఫోకస్ లోతులో, అంటే ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వచ్చే మేరలో. రింగు కింద 5.4 మీ. దగ్గర ఎఫ్/2తో లెక్కవేస్తే:

1. 85 మి.మీ.: 32 సెం.మీ. ముఖం స్పష్టంగా ఉంటే బంతి మసక.
2. 50 మి.మీ.: 93 సెం.మీ.
3. 35 మి.మీ. తీసి 2.5 మీ.కు కోసినది: సుమారు 1.3 మీ.

రెండు, మూడు వరుసల్లో తుది ఫొటో ఒకే బిగుతు. కానీ మూడోదానిలో అడ్డుకునే అమ్మాయి ముఖం కూడా స్పష్టంగా ఉంటుంది. దశ 5 తర్వాత నాకు కావాల్సింది అదే.

దశ 7: షట్టర్, హాలు లైట్లు

బిగుతు పెరిగితే కదలిక మసక కూడా అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తే అమ్మాయి 1/500 సెకనులో 10 మి.మీ. జరుగుతుంది. 12 అంగుళాల ఎత్తు ముద్రణలో ఆ మసక 3.6 మీ. ఫ్రేముకు 0.85 మి.మీ., 2.5 మీ.కు 1.2, 1.5 మీ.కు 2 మి.మీ. 1/1000తో ఇవన్నీ సగమవుతాయి. కాబట్టి షట్టర్ వేగాన్ని హాలును బట్టి కాదు, చివరికి ఎంత కోస్తామో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

నా సెట్టింగులు:

1. వదులుగా ఉంచే రీబౌండ్, అడ్డ ఫ్రేములు: 1/800, ఎఫ్/2, ఐఎస్‌ఓ 3200.
2. కోయాలని ముందే తెలిసిన లేఅప్‌లు: 1/1000, ఎఫ్/2, ఐఎస్‌ఓ 4000.
3. మూలల్లో ఆట: 1/800, ఎఫ్/2, ఐఎస్‌ఓ 5000.

జంప్ షాట్‌కు ఒక వెసులుబాటు ఉంది. 30 సెం.మీ. దూకిన అమ్మాయి గాలిలో దాదాపు అర సెకను ఉంటుంది. అందులో 0.2 సెకను శిఖరానికి 5 సెం.మీ. లోపలే గడుస్తుంది. ఆ కాసేపు ఒళ్లు దాదాపు నిశ్చలం, కదిలేది మణికట్టు, బంతి. అప్పుడు 1/640తో తీసినా ముఖం స్పష్టంగా వచ్చింది.

లైట్ల తలనొప్పి వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఒక్కో అల 10 మిల్లీసెకన్లు. 1/800 అంటే 1.25 మిల్లీసెకన్లు, అలలో ఎనిమిదో వంతు. అందుకే వరుసగా తీసిన మూడు ఫ్రేముల్లో ఒకటి ప్రకాశంగా, ఒకటి మసకగా, ఒకటి పచ్చగా వస్తాయి. షట్టర్ తెరలు సెన్సర్ పొట్టి వైపు మీదుగా జరుగుతాయి కాబట్టి కెమెరాను నిలువుగా పట్టుకుంటే చారలు కూడా నిలువుగా, ఫ్రేము ఎడమకూ కుడికీ తేడాగా పడతాయి. వదులు ఫ్రేములో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోసిన ముక్కలో తేడా తగ్గుతుంది. లైట్ల అలతో షట్టర్‌ను కలిపే సదుపాయం ఉన్న కెమెరాలు వచ్చాయి, ఉంటే వాడండి. లేనివారు రా ఫైళ్లు (కెమెరా రంగులు ఖరారు చేయని ముడి ఫైళ్లు) తీసి, గ్రే కార్డు ఫొటోతో రంగు సరిచేసుకుని, ఫ్రేము ఫ్రేముకూ వెలుగు సమం చేసుకోవాలి. ఈ పనికే ఎక్కువ సాయంత్రాలు పట్టాయి.

దశ 8: ఫోకస్ బిందువు

ఇందులో చెప్పాల్సింది కొంచెమే. నిలువు బిగుతు ఫ్రేములో ముఖం పై మూడో వంతులో ఉంటుంది, అక్కడికి అంచు బిందువు వాడాలి. నా కెమెరాలో అంచు బిందువులు ఈ వెలుతురులో తడబడ్డాయి. వదులు ఫ్రేములో మధ్య బిందువు ఛాతీ మీది నంబరు మీద నిలుస్తుంది. నంబరుకు గట్టి గీతలు ఉంటాయి, ఫోకస్ తొందరగా పట్టుకుంటుంది, ముఖం అదే లోతులో ఉంటుంది. నిరంతర ఫోకస్ పెట్టి, దాన్ని నడిపే కెమెరా వెనక బటన్ మీద బొటనవేలు ఉంచాను. దశ 2లోని మూడో గుట్ట ఈ ఒక్క మార్పుతో దాదాపు పోయింది.

దశ 9: బిగుతే నెగ్గిన చోట్లు

85 మి.మీ. మూలన పడలేదు. మనిషి కదలని చోట బిగుతే సరి.

1. ఫ్రీ త్రోకు ముందు ఊపిరి పీల్చుకునే క్షణం. 8.8 మీ. నుంచి 2.4 మీ. ఎత్తు పడుతుంది, బంతి రెండు చేతుల మధ్య ఉంటుంది, అక్కడి నుంచి ఒక మీటరుకు కోసినా ఫొటో నిలిచింది.
2. టైమ్ అవుట్‌లో శిక్షకుడి చుట్టూ వంగిన తలలు.
3. బెంచీ మీద ఉన్నవాళ్లు. ఆడనివాళ్ల ముఖాల్లోనే స్కోరు కనబడుతుంది. ఇరవైలో మూడు ఇక్కడివే.

ఎంపిక మొత్తం: నిలువు వదులు ఫ్రేము నుంచి కోసినవి 9, కోయకుండా ఉంచినవి 3, అడ్డ ఫ్రేములు 5, బిగుతు 3. అడ్డ ఫ్రేముల్లో రెండు స్క్రీన్ ఫొటోలు.

దశ 10: ముద్రణ

12×8కు నిష్పత్తి 3:2, సెన్సర్‌కూ అదే. కాబట్టి గోడ ఫొటోల్లో అంచులు పోలేదు. తల్లిదండ్రులకు ఇవ్వడానికి 10×8 ప్రతులు కొన్ని చేయించినప్పుడు చిక్కు వచ్చింది. 12 అంగుళాల పొడవు 10 కావాలంటే ఆరో వంతు పోవాలి. ల్యాబు యంత్రం రెండు వైపులా సమంగా, ఒక్కో వైపు 8.3 శాతం కోసేసింది. 2.5 మీ. ఫ్రేములో అది 21 సెం.మీ. నేను పైన వదిలింది ఒక బంతి, 23 సెం.మీ. బంతి అంచుకు అతుక్కుపోయింది, కింద నేల పోయి బూట్లు అంచు మీద నిలబడ్డాయి.

మళ్లీ చేయించడానికి మార్చినవి:

1. 10×8 ప్రతులకు అసలు వదులు ఫ్రేము నుంచి కొత్తగా 5:4లో కోశాను, పైన ఒక బంతి ఖాళీ తిరిగి వచ్చేలా. 35 మి.మీ.తో తీసినవాటికి చోటు మిగిలింది. 50 మి.మీ.తో 2.5 మీ.కు తీసినవాటికి మిగల్లేదు.
2. చోటు మిగలనివాటిని 10×6.67 అంగుళాల చిత్రంగా, 8 అంగుళాల వెడల్పు నిండేలా పక్కల తెల్ల అంచుతో ముద్రించమన్నాను.
3. ల్యాబుకు ఇచ్చే ప్రతి ఫైలు పేరులోనే సైజు రాశాను, "ఆటోమేటిక్ కోత వద్దు" అని బిల్లు మీద రాయించాను.

ముద్రణ ఖర్చు, పాడైన ప్రతులతో కలిపి 3,640. ప్రాజెక్టు మొత్తం 12,630 రూపాయలు, అందులో 8,500 లెన్సుదే.

10×8 ప్రతులు కూడా కావాలని ముందే తెలిస్తే పైన రెండు బంతుల ఖాళీ వదలండి. రింగు కింద 35 మి.మీ.తోనే తీయండి, 50 జోలికి పోవద్దు.